వెన్నుపూసల బావి

మన తాతలకు వాళ్ళ తాతలు చెప్పిన మాట ఇది. మేఘాలు దారి మరిచిన ఒక సీమలో నాపరాళ్ళ ఊరొకటి ఉండేది. అక్కడివాళ్ళు ఉప్పు తప్ప సముద్రానిది ఏదీ చూసెరగరు.

ఆ ఊరికి మరిడమ్మ నడిచి వచ్చింది. తుఫాను ఆమె మొగుణ్ణి తీసుకుపోయింది, పడవను తీసుకుపోయింది, గుడిసెను తీసుకుపోయింది. చంకన పిల్లను, చేత పిల్లాణ్ణి పట్టుకుని, అలల చప్పుడు వినపడనంత దూరం వచ్చి ఆగింది. బావులు తవ్వేవాళ్ళ దగ్గర మట్టి తట్టలు మోసేది. పిల్లలకు ఏ నీళ్ళు పట్టాలన్నా ముందు తాను తాగి, కాసేపు చూసి, అప్పుడు పట్టేది. ఊళ్ళోవాళ్ళు అది చూసి నవ్వుకునేవారు.

ఆ ఏడు గుంటలన్నీ ఎండిపోయాయి. మొదటి బావి తవ్వితే బండ తగిలింది. రెండో బావి తవ్వితే బూడిదలాంటి మట్టి వచ్చింది. మూడో బావిలో చెమ్మ కనబడింది. చెమ్మ పక్కనే, రాతిలో ఇరుక్కుని, పళ్ళెమంత వెన్నుపూస కనబడింది. దాని వెనక ఇంకొకటి. దాని వెనక ఇంకొకటి.

పనివాళ్ళ పెద్ద ఓబులేసు గడ్డపార కింద పెట్టేశాడు. బావిలో మనిషి ఎముక బయటపడితే గొయ్యి పూడ్చాలని వాళ్ళ కట్టుబాటు. ఆ నీళ్ళు తాగిన ఇంట పిల్లలు దక్కరని నమ్మకం. ఇంత ఎముక రాక్షసుడంత మనిషిదే అయ్యుంటుందని, తెల్లారి గొయ్యి పూడ్చి, ఊరు ఖాళీ చేసి ఏటి వైపు పోదామని పెద్దలు తేల్చారు.

మరిడమ్మ పిల్లల వైపు చూసుకుంది. ఏరు ఎక్కడో ఉంది. ఈ ఎండలో పిల్లలు అంత దూరం నడిచి బతుకుతారా? గబగబా గొయ్యిలోకి దిగి ఆ ఎముకను వేళ్ళతో తడిమి చూసింది.

పైకొచ్చి, ఇది మనిషిది కాదు, చేపదని చెప్పింది. చేప కాకపోతే చేపలా ఈదే జంతువుదని చెప్పింది. అంత చేపను వండే కుండ ఏ కుమ్మరి చేశాడని ఒకడు అడిగాడు. జనం విరగబడి నవ్వారు.

రెండోసారి ఆమె చూపించింది. చచ్చిన మేక వెన్నుపూస ఒకటి వెతికి తెచ్చింది. పిల్ల మెడలో దిష్టికి కట్టిన సొరచేప పూస విప్పింది. మేకదానికి రెక్కల్లా కొమ్ములున్నాయి, లోతు లేదు. సొరపూస గుండ్రంగా ఉంది, రెండు పక్కలా దొన్నెలా గుంట ఉంది. గొయ్యిలోదీ అంతే, గుండ్రం, రెండు పక్కలా దొన్నె. ఈసారి ఎవరూ నవ్వలేదు. కానీ ఎవరూ గొయ్యిలోకి దిగలేదు.

"నీళ్ళే లేని ఊరికి ఇంత చేప యాడనుంచి వచ్చింది మే? సముద్రం నడిచొచ్చిందా?" అన్నాడు ఓబులేసు.

"నాను రానేదా బాబూ? అదీ వచ్చుంటాది. ఉన్నన్నాళ్ళుండి ఎలిపోయుంటాది."

"మీ ఊళ్ళో దీన్నేమంటారు?"

"ఇంత పెద్దది మావోళ్ళు ఎవులూ చూళ్ళేదు. పేరు నాకు తెల్దు. నీటిదని మాత్తరం తెలుసు."

మూడోసారి ఆమె చెప్పలేదు, చూపలేదు. పిల్లలిద్దర్నీ తీసుకుని గొయ్యిలోకి దిగి, ఎముక పక్కన ఊరిన నీళ్ళు దోసిట పట్టి తాగింది. కాసేపు చూసింది. చిన్నదానికి పట్టింది. తర్వాత పిల్లాడికి పట్టింది. పట్టాక ఇద్దర్నీ ఒడిలో పెట్టుకుని అక్కడే కూర్చుందట.

ఓబులేసు గడ్డపార అందుకుని దిగాడు. పూసలు పగలకుండా పక్కనుంచి తవ్వాడు. పొద్దుగుంకేసరికి మోకాటి లోతు నీరు ఊరింది. ఊరు కదల్లేదు. మరిడమ్మ పిల్లలు అక్కడే పెరిగారు, అక్కడే పిల్లల్ని కన్నారు. ఆమె పోయిననాడు ఊరంతా ఆ బావి నీళ్ళతోనే ఆమెకు స్నానం చేయించింది.

ఇప్పటికీ ఆ ఊరికి కొత్త కోడలొస్తే మొదటి చేద ఆమె చేతే తోడిస్తారు. బావి గోడలో ఉన్న పూసలు చూపించి, "మీ ఊళ్ళో దీన్నేమంటారమ్మా?" అని అడుగుతారు.

ఆమె ఏం చెప్పినా అక్కడ ఎవరూ నవ్వరు.