పెళ్లి పళ్ళేలు, బియ్యపుగింజంత స్ప్రింగు

అనగనగా సముద్రం అంచున ఒక మడ అడవి. ఆ అడవిలో కాలవ ఒడ్డున నాంచారమ్మ అనే నీటిపిల్లి ఉండేది. ఆ రోజు ఆమె ఇంట్లో ఒకటే హడావుడి! సాయంత్రం కూతురు సీతాలు పెళ్లి మరి!

నీటిపిల్లుల పెళ్లిళ్లలో ఒక పట్టింపు ఉంది. మగపెళ్లివారి ఆకులో ముందుగా పండుగప్ప పులుసు పడాలి. పడకపోతే తాళి కట్టరు, లేచి వెళ్ళిపోతారు. పండుగప్ప అంటే మామూలు చేపా! నాంచారమ్మ కంటే బరువు. నోటితో పట్టబోతే ఎదురు ఈడ్చుకుపోతుంది. రీలున్న గేలంతోనే పట్టాలి. అదీ మధ్యాహ్నం పోటుకు కాలవలోకి ఎక్కినప్పుడే!

పొద్దున్నే నాంచారమ్మ రీలు తిప్పి చూసింది. కిర్రుమంది. ఉప్పునీళ్ళకు బిగుసుకుపోయింది.

"విప్పి, తుడిచి, నూనె వేస్తే సరి!" అంటూ చెక్కల వంతెన మీద చతికిలబడింది.

అటుగా గవరయ్య తాబేలు వచ్చాడు. వందేళ్లుగా ఊరందరి గేలాలూ బాగుచేసిన చెయ్యి ఆయనది.

"అమ్మాయ్, కింద పళ్ళెం పెట్టుకో. విప్పినవి విప్పిన వరసలో పేర్చుకో. స్ప్రింగు దగ్గరికి వచ్చేసరికి పైన గుడ్డ కప్పి తియ్యి. దానికి గెంతడం మహా ఇష్టం," అన్నాడు.

"పళ్ళేలన్నీ పెళ్లికి తోమి పెట్టాను మావయ్యా! వాటికి నూనె జిడ్డు చేస్తానా? వియ్యపురాలు మూతి ముడుచుకోదూ!" అంది నాంచారమ్మ.

మొదట ఒక మర దొర్లింది. చెక్కల సందు దాకా పోయింది. నాంచారమ్మ తోకతో టక్కున ఆపింది.

"చూశావా? నా తోకే నాకు పళ్ళెం!" అని నవ్వింది.

తర్వాత వాషరు కనబడలేదు. ఎంత వెతికినా లేదు! చివరికి చూస్తే తన తడి బొచ్చుకే అంటుకుని ఉంది.

"ఇప్పుడైనా పళ్ళెం తెచ్చుకో," అన్నాడు గవరయ్య.

"దొరికింది కదా మావయ్యా!" అంటూ ఆమె మూత ఊడదీసింది.

టింగ్! బియ్యపుగింజంత స్ప్రింగు గాల్లోకి ఎగిరింది. ఎండలో ఒక్కసారి మెరిసింది. వంతెన కింద బురదలో పడింది. అంతే!

ఇద్దరూ బురదంతా కెలికారు. ఎక్కడ దొరుకుతుంది? ఈలోగా పోటు ఎక్కనే ఎక్కింది. నాంచారమ్మ మిగిలిన ముక్కలన్నీ గబగబా బిగించి, రీలు తిప్పింది.

"ఇదిగో, తిరుగుతోంది! కిర్రుమనడం కూడా లేదు!" అని గెంతింది.

"తిరుగుతుంది అమ్మాయ్. ఆగమంటేనే ఆగదు," అన్నాడు గవరయ్య దిగులుగా.

ఆమె వింటేనా! గేలం వేసింది. వేసీ వెయ్యగానే పడింది పండుగప్ప! అబ్బో, ఎంత చేప! నీళ్ళు ఎగజిమ్మింది. నాంచారమ్మ కాళ్ళు తన్నిపట్టి చుట్టింది, చుట్టింది, ఒడ్డు దాకా లాక్కొచ్చింది.

"సీతాలూ, పులుసు కుండ పొయ్యి మీద పెట్టవే!" అని అరిచింది.

అప్పుడు పండుగప్ప ఒక్క గుంజు గుంజింది. పట్టి ఉంచే స్ప్రింగు లేదు కదా, రీలు గిర్రున వెనక్కి తిరిగింది. దారమంతా సర్రున పోయింది. ఫట్! దారం తెగింది, చేప పోయింది.

సాయంత్రం మగపెళ్లివారు తళతళలాడే పళ్ళేలు చూశారు, ఆకుల్లోకి చూశారు. "వచ్చే పున్నమికి చూద్దాంలే," అని లేచి వెళ్ళిపోయారు.

పసుపు మొహంతో పీట మీద కూర్చున్న సీతాలు అడిగింది:

"అమ్మా, అంత పెద్ద చేప చేతిదాకా వచ్చి ఎలా పోయిందే?"

నాంచారమ్మకు ఏడుపు ఆగలేదు.

"చేప మధ్యాహ్నం పోలేదు తల్లీ. పొద్దున్నే పోగొట్టాను. అప్పుడది బియ్యపుగింజంతే ఉంది," అంది.

నీతి: పోయిన ముక్క కోసం బురదంతా వెతకడం కంటే, విప్పే ముందే పళ్ళెం పెట్టుకోవడం మేలు.