పెళ్లి గుర్రానికి బంగారు పతకం

నల్లమల నడిమధ్య మైదానం చదునుచేసి, ఇసుక పోసి, చుట్టూ మోకాలెత్తు వెదురు కంచె కట్టారు. ఏడు దేశాల గుర్రాలు దిగిన ప్రపంచ డ్రెసాజ్ పోటీ అది. ఉరుకుల పందెం కాదండోయ్, నడక పరీక్ష! వీపు మీది రౌతు నోరు మెదపకూడదు. కాలి సైగతోనే గుర్రం అడుగులేయాలి. కంచె దాటిందా, ఆట నుంచి అవుటే.

మన అడవి తరఫున దిగింది మువ్వక్క. నగరంలో పదేళ్లు పెళ్లికొడుకులను మోసి, వయసు మీదపడ్డాక అడవి చేరిన ఆడగుర్రం. రౌతు తిమ్మడనే కోతి. నడకలన్నీ వారంలో నేర్చాడు గానీ, నోరు మూసుకోవడం నేర్చుకోవడానికి ఏడాది పట్టింది పాపం.

ఎదుటి పక్షాన పట్టుపరుపుల మీద పెరిగిన విలాయతి గుర్రం. దానికి శిక్షణ ఇచ్చింది నక్క.

"ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగురుతదా? పెళ్లిళ్ల చిందులు గీడ నడువయ్ మువ్వా!" అంది నక్క.

"నడుస్తయో లేదో తీర్పిచ్చే ఏనుగు తాత చెప్తడు తియ్," అంది మువ్వక్క.

"అట్లయితే పందెం. ఓడితే బతికినన్నాళ్లు మా గుర్రానికి గడ్డిమోపులు మొయ్యాలె."

"గెలిస్తే?"

"నీకు నేను మోస్త!"

అడవంతా విన్న మాట. మువ్వక్క లెక్కేసుకుంది. అరిగిన నడుము, ఆపైన మోపులా? అయినా పెళ్లి గుర్రమని అంత చులకనగా అన్నాక తగ్గబుద్ధి కాలేదు. "సరే" అంది.

విలాయతి గుర్రం ముందు ఆడింది. నిజం చెప్పుకోవాలి, చూడముచ్చటగా ఆడింది. న్యాయమూర్తి ఏనుగు నూటికి ఎనభై ఇచ్చింది. తర్వాత దిగిన దేశాలేవీ ఆ అంకె దాటలేదు. ఇక పతకం మనదేనని నక్క విలాయతి గుర్రం పగ్గం తన నడుముకి చుట్టుకుని కంచె పక్కన నిలబడింది.

చివరగా మువ్వక్క వచ్చింది. అడుగు అడుగుకీ జనం కళ్లు పెద్దవవుతుంటే నక్క పక్కనున్న పొద వైపు జరిగింది. అన్నిటికన్నా కష్టమైన ఘట్టం రానే వచ్చింది: ముందుకు జరగకుండా, ఉన్నచోటే తాళం తప్పకుండా కాళ్లెత్తి వేయాలి. సరిగ్గా అప్పుడు నక్క, జాతరలో కొట్టుకొచ్చిన టపాకాయల సరం పొదలో పెట్టి అంటించింది.

'ముసల్ది బెదిరి కంచె దుంకకపోతే చూడు' అనుకుంది.

ఢాం! ఢమఢమఢాం!

తిమ్మడికి కేక గొంతుదాకా వచ్చింది. చటుక్కున తోక నోట్లో కుక్కుకున్నాడు.

మువ్వక్క మాత్రం చెవులు నిక్కబొడిచింది, అంతే. ఎండా వానా కలిస్తే కుక్కకీ నక్కకీ పెళ్లంటారే గానీ, నక్కను పెళ్లికి పిలిచిందెవరు? పిలిచి ఉంటే తెలిసేది. ఊరేగింపు ప్రతి చౌరస్తాలో ఆగుతుంది. పెళ్లికొడుకు దోస్తులు గంటసేపు ఎగురుతారు. చుట్టూ టపాకాయలు పేలుతుంటే, వీపు మీద పెళ్లికొడుకు ఒరగకుండా, గుర్రం ఉన్నచోటే అడుగులేయాలి. పదేళ్లు మువ్వక్క తిన్న అన్నం అదే! ఆ చప్పుడుకి దాని కాళ్లు ఇంకో జానెడు పైకి లేచాయి. మైదానమంతా ఈలలు.

ఆకు రాలితే ఉలిక్కిపడే విలాయతి గుర్రం మాత్రం కంచె పక్కనుంచి లంఘించింది. నడుముకి పగ్గం చుట్టుకున్న నక్క వెనకాల! రెండు గుట్టలు, ఒక వాగు, తుమ్మకంప దాటాక గానీ ఆగలేదు.

"తొంభై!" అని ఘీంకరించింది ఏనుగు. "బంగారం మన మువ్వక్కదే!"

తిమ్మడు నోట్లోంచి తోక తీసి ఏడాదిగా దాచుకున్న కేకంతా ఒక్కసారే పెట్టాడు. మువ్వక్క కళ్లు చెమర్చాయి. మెడలో పతకం తళతళా మెరిసింది.

తెల్లారి ఒళ్లంతా ముళ్లతో, నెత్తిన గడ్డిమోపుతో నక్క వచ్చి నిలబడింది.

"గీడ దించు బిడ్డా," అంది మువ్వక్క. "ఈసారి మా గుర్రాల ఇంట్ల పెండ్లయితే నిన్ను తప్పక పిలుస్త!"

ఎదుటివాడి బతుకేమిటో తెలుసుకోకుండా వాడిని బెదిరించబోతే, బెదిరేది మనమే.