ఖాళీ విల్లు మోగించిన పీరమ్మ

అనగనగా అని నోరు తెరిస్తే వెనకే ఒక రాజు వస్తాడు. ఈ కథలోనూ రాజు ఉన్నాడు. కోటలో ఉన్నాడు, సుఖంగా ఉన్నాడు. ఆయన్ని అక్కడే ఉండనిచ్చి మనం ఏరు దాటి పోదాం. అవతలి ఒడ్డున దూదిపేట అని ఒక పేట ఉండేది. ఆ పేటలో చివరి ఇల్లు పీరమ్మది.

దూదిపేటలో అందరూ దూదేకులవాళ్లే. ఇంటింటికీ ఒక విల్లు. మనిషంత పొడుగు విల్లు. దాన్ని దూలానికి వేలాడగట్టి, నారిని దూదిలోకి దించి, చెక్కగుండుతో కొట్టేవాళ్లు. దూది విడిపోయి పొగమంచులా లేచేది. పొద్దున్న మొదలైన విళ్ల మోత పొద్దుగూకేదాకా ఆగేది కాదు. రాజు పడుకునే పరుపు వాళ్లు ఏకిందే. కుమ్మరి తలకింద దిండూ వాళ్లు ఏకిందే.

కానీ వాళ్లు ఎవరివాళ్లంటే మాత్రం జవాబు ఉండేది కాదు. నమాజు చేస్తారు కాబట్టి గుడి దగ్గర "మీరు మసీదువాళ్లు" అనేవాళ్లు. ఇంట్లో తెలుగే మాట్లాడతారు కాబట్టి మసీదు దగ్గర "మీరు మావాళ్లెట్లా అవుతారు?" అని నవ్వేవాళ్లు. పరుపు చిరిగినప్పుడు మాత్రం అందరికీ గుర్తొచ్చేవాళ్లు.

ఊళ్లో చాటింపు వేసేది తలారి ఓబన్న. కోటలో చెప్పిన మాట మూటగట్టుకుని, తప్పెట మెడలో వేసుకుని బయలుదేరేవాడు. కోట వీధిలో కొట్టేవాడు. అంగడి వీధిలో కొట్టేవాడు. కుమ్మరి వీధిలో కొట్టేవాడు. రేవు దాకా వచ్చేవాడు, వెనక్కి తిరిగేవాడు. కోటలో పరుపులు ఏకడానికి వెట్టిమనుషులు కావాల్సినప్పుడు మాత్రం అదే ఓబన్న పంచె ఎగ్గట్టి ఏరు దాటేవాడు. పనికి ఆ పేట ఊళ్లో ఉంది. ప్రాణానికి లేదు.

ఒక ఏడాది ఊళ్లో అమ్మవారు పోసింది. మశూచి. కోట వైద్యుడు చూశాడు, ఏం చేయాలో చెప్పాడు. ఓబన్న తప్పెట తీసుకున్నాడు.

"ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేసేదేమంటే! అమ్మవారు పోసినవాళ్ల పరుపులూ బొంతలూ కాల్చేయాలహో! ఎవరికీ ఇవ్వకూడదహో! అందులో రోగం దాగి ఉంటుందహో!"

కోట వీధిలో చెప్పాడు. అంగడి వీధిలో చెప్పాడు. కుమ్మరి వీధిలో చెప్పాడు. రేవు దాకా వచ్చాడు, వెనక్కి తిరిగాడు.

ఊళ్లోవాళ్లు విన్నారు. విని, పరుపుల వంక చూశారు. బంగారంలాంటి బూరుగు దూది. కాల్చడానికి చేతులెట్లా వస్తాయి? చచ్చినవాళ్ల పరుపు దూదేకులవాళ్లకు ఇవ్వడం ఎప్పటినుంచో ఉన్న ఆనవాయితీ. ఇస్తే ఇల్లు శుభ్రమవుతుంది, దానం చేసినట్టూ ఉంటుంది. అందుకని తెల్లారేసరికి మోసుకొచ్చి రేవులో అవతలి ఒడ్డున పడేసి పోయారు.

దూదిపేట సంబరపడింది. ఆ ఏడు చలికి భయం లేదనుకుంది. పీరమ్మ కొడుకు నాగూరు ఒక పరుపు తెచ్చి విప్పాడు, ఏకాడు, తన బిడ్డ జానుకు మెత్తటి బొంత కుట్టాడు. చలికాలం వచ్చాక కప్పుకుందువుగాని అని అటక మీద పెట్టాడు.

చలికాలం రాకముందే నాగూరుకు జ్వరం వచ్చింది. ఒళ్లంతా పొక్కులు లేచాయి. పోయాడు. అతనికి సేవ చేసిన కోడలు పోయింది. పక్కింట్లో ఇద్దరు పోయారు. పీరమ్మకు చిన్నప్పుడే అమ్మవారు పోసి తగ్గింది. ముఖం నిండా ఆ మచ్చలే. ఒకసారి పోసినవాళ్లకు మళ్లీ పోయదు. అందుకే ఆమె మిగిలింది. జాను మిగిలింది.

"ఆ పేటవాళ్ల మురికి వల్లే ఊరికి ఈ పీడ" అన్నారు ఊళ్లో.

ఇంతలో కోటలో వెట్టి పడింది. పీరమ్మ విల్లు భుజాన వేసుకుని పోయింది. పోతే పెరట్లో మంట కనబడింది. దాసి చెల్లమ్మ కర్రతో ఒక పట్టుపరుపును మంటలోకి తోస్తోంది.

"అయ్యో చెల్లమ్మా, అంత మంచి పరుపు కాలుస్తున్నావేం?"

"చిన్నదొరకు అమ్మవారు పోసింది కదా. కాల్చాల్సిందే."

"ఎవరన్నారు?"

"ఎవరనేదేంటి పీరమ్మా? చాటింపు వేశారు కదా! దూదిలో రోగం దాగుంటుందంట. ఊరంతా విన్నది, నువ్వొక్కదానివే చెవిటిదానివా?"

పీరమ్మ మంట వంక చూసింది. నాగూరు ఏకిన పరుపు గుర్తొచ్చింది. అటక మీది బొంత గుర్తొచ్చింది. పని అక్కడే వదిలేసింది.

ముందు వైద్యుడి దగ్గరికి పోయింది. "అయ్యా, మా పేటకొచ్చి ఆ మాట చెప్పండి."

"నేను వైద్యం చేసేవాణ్ణి. చెప్పడం తలారి పని" అన్నాడు వైద్యుడు.

తలారి దగ్గరికి పోయింది. "ఓబన్నా, మా పేటకొచ్చి ఆ మాట చెప్పు."

"దివాణంలో రేవు దాకే చెప్పమన్నారక్కా. దాటితే నా వీపు చిట్లుతుంది" అన్నాడు ఓబన్న.

దివాను దగ్గరికి పోయింది. "దొరా, మా పేటలో ఆ మాట చెప్పించండి."

దివాను తాంబూలం నములుతున్నాడు. "చాటింపు ఊరికే ముసలీ. మీది ఊరెట్లా అవుతుంది?"

"వెట్టికి పిలిచినప్పుడు అవుతోంది కదా దొరా."

"నోరు బాగానే ఉందే దీనికి" అని దివాను నవ్వాడు. పక్కనున్నవాళ్లూ నవ్వారు. ఒకరు చెప్పాలి, ఒకరు చెప్పించాలి, ఒకరు దాటాలి. ముగ్గురూ తమ తమ పని చేశామనే అనుకున్నారు.

పీరమ్మ ఏరు దాటి వచ్చేసరికి రేవులో కొత్త పరుపుల కుప్ప పడి ఉంది. పేటవాళ్లు ఏరుకుంటున్నారు.

"ముట్టుకోవద్దు! దాంట్లో రోగముంది!" అని అరిచింది. విళ్ల మోతలో చాలామందికి వినపడలేదు. విన్నవాళ్లు, కొడుకు పోయి మతి చెడిందనుకున్నారు.

అప్పుడు పీరమ్మ భుజాన ఉన్న విల్లు దించింది. వీధి నడిమధ్య వేపకొమ్మకు కట్టింది. దూది పెట్టలేదు. చెక్కగుండు ఎత్తి ఉత్త నారి మీద కొట్టింది.

దూదేకులవాళ్లు ఎవరూ ఖాళీ విల్లు మోగించరు. మోగిస్తే ఇంట్లో దీపం ఆరిపోతుందని వాళ్ల భయం. పిల్లలు ఆడుకుంటూ నారి మీటినా చేతి మీద దెబ్బ పడుతుంది. దూదిలో ఉన్న నారి మెత్తగా మూలుగుతుంది. ఖాళీ నారి కంచు పగిలినట్టు గణగణలాడుతుంది. ఆ మోత వినగానే పేటలో విళ్లన్నీ ఆగిపోయాయి. ఆడా మగా బయటికి ఉరికొచ్చారు.

"ఏం పోయేకాలమొచ్చిందే నీకు? ఖాళీ విల్లు మోగిస్తావా?" అని పక్కింటి మౌలాలి మీదికొచ్చాడు.

"మోగించకుండా ఉంటే మీ ఇంట్లో దీపాలు నిలబడ్డాయా మౌలాలీ?"

ఆ ఇంట్లో ఇద్దరు పోయి ఎన్నాళ్లో కాలేదు.

పీరమ్మ చెప్పింది. ఊళ్లో చాటింపు వేసిన మాట చెప్పింది. మనకు వేయలేదని చెప్పింది. కాల్చమన్న పరుపులే మన రేవులో పడ్డాయని చెప్పింది.

"కాల్చేస్తే చలికి పిల్లలు బతకొద్దా?" అంది ఒక తల్లి.

"గడ్డి పరుచుకుందాం. చలికి వణికిన బిడ్డను ఒళ్లో పెట్టుకోవచ్చు. పొక్కులు లేచిన బిడ్డను ఏం చేస్తావమ్మా?"

"చెప్పడం తేలికే. నీ ఇంట్లో బొంత లేదా?" అన్నాడు మౌలాలి.

పీరమ్మ ఇంట్లోకి పోయింది. అటక మీది బొంత దించింది. జాను పరిగెత్తుకొచ్చి కొంగు పట్టుకుంది.

"నాయన కుట్టిందవ్వా. ఒక్కసారన్నా కప్పుకోలేదు."

"కప్పుకోలేదు కాబట్టే నా పక్కన నిలబడి ఏడుస్తున్నావు తల్లీ. ఏడువు. దగ్గరికి మాత్రం రావద్దు."

బొంతను వీధిలో వేసి నిప్పంటించింది. పరుపుల కుప్ప కూడా తనే మోసుకొచ్చి వేసింది. మచ్చలున్నదాన్ని, నాకేం కాదు, మీరు జరగండి అంది. చూసి చూసి కొందరు తమ బొంతలు తెచ్చి విసిరారు. కొందరు దాచుకున్నారు. దాచుకున్న ఇళ్లలోంచి ఇంకో రెండు పాడెలు లేచాయి. ఆ తర్వాత ఎవరూ దాచుకోలేదు. ఆ చలికాలం దూదిపేట, ఊరందరికీ పరుపులు కుట్టే దూదిపేట, వరిగడ్డిలో పడుకుంది. జాను బతికింది.

ఆనాటినుంచి ఊళ్లో తప్పెట మోగితే చాలు, పీరమ్మ రేవులోకి వచ్చి నిలబడేది. ఓబన్న ఇవతలి ఒడ్డున చాటింపు వేసి తిరగబోతే అవతలి నుంచి కేకేసేది.

"వినపడలేదు ఓబన్నా, మళ్లీ చెప్పు!"

"ఇది మీ పేటకు కాదక్కా!"

"యావన్మందికీ అన్నావు కదరా తమ్ముడా! ఆ మందిలో నేను లేనా?"

ఓబన్న చుట్టూ చూసేవాడు. ఎవరూ లేకపోతే మళ్లీ చెప్పేవాడు. ఉంటే, గొంతు సరిచేసుకుంటున్నట్టు నటించి మళ్లీ చెప్పేవాడు. పీరమ్మ పోయి ఖాళీ విల్లు మోగించేది. పేట పేటంతా చేరేది. పిచ్చికుక్క తిరుగుతోందంటే ఆ మాట చేరింది. బాలింతలకు కోటలో కషాయం పోస్తున్నారంటే ఆ మాట చేరింది. జ్వరానికి మందుపొడి పంచుతున్నారంటే పేటంతా గిన్నెలు పట్టుకుని కోట గుమ్మం ముందు నిలబడింది.

"మిమ్మల్నెవరు రమ్మన్నారు?" అన్నాడు కాపలావాడు.

"మీ తప్పెటే రమ్మంది" అంది పీరమ్మ. పొడి ఇవ్వక తప్పలేదు.

ఇట్లా ఏళ్లు గడిచాయి. జాను పెద్దదైంది, పెళ్లయింది, ఒక బిడ్డను ఎత్తుకుంది. పీరమ్మ నడుం వంగింది. చెవులు మందగించాయి. అయినా తప్పెట మోగితే రేవులోకి పోవడం మానలేదు.

ఒక వానాకాలం ఏరు నిండుగా పారుతోంది. ఊళ్లో వాంతులూ భేదులూ మొదలయ్యాయి. ఓబన్న గొంగడి కప్పుకుని వచ్చాడు. "ఏటి నీళ్లు కాచి తాగాలహో! కాచకుండా చుక్క కూడా గొంతులో పోయకూడదహో!"

అవతలి నుంచి కేక వచ్చింది. "వినపడలేదు ఓబన్నా, మళ్లీ చెప్పు!"

మళ్లీ చెప్పాడు. వాన, నీళ్ల హోరు. పీరమ్మ మోకాలు దాకా నీళ్లలోకి దిగింది. "వినపడలేదు, మళ్లీ చెప్పు!"

ఓబన్న విసుక్కుంటూ మళ్లీ చెప్పాడు. పీరమ్మ నడుం దాకా దిగింది. "వినపడలేదు..."

"ఈ ముసల్దానితో చావొచ్చింది" అని ఓబన్న వెనక్కి తిరిగాడు. తిరిగి నాలుగడుగులు వేశాక, మళ్లీ చెప్పు అన్న మాట ఈసారి రాలేదేమా అనుకున్నాడు. తల తిప్పి చూశాడు. రేవులో నీళ్లే ఉన్నాయి.

ఓబన్న ఒడ్డున కూలబడ్డాడు. తర్వాత లేచి, జాలరి పాకలో ఎండు సొరబుర్రలు అడిగి తీసుకుని, నీళ్లలో తేలడానికి నడుముకు కట్టుకున్నాడు. తప్పెట నెత్తిన పెట్టుకున్నాడు. ఎవరూ చెప్పకుండా, వెట్టికి పిలవడానికి కాకుండా, మొదటిసారి ఏరు దాటాడు.

చివరి ఇంటికి పోయాడు. తడిసిన తప్పెట పలకలేదు. వసారాలో పీరమ్మ విల్లు వేలాడుతోంది. చెక్కగుండు తీసుకుని ఖాళీ నారి మీద కొట్టాడు. పేటంతా వచ్చింది. ముందు నీళ్ల సంగతి చెప్పాడు. తర్వాత పీరమ్మ సంగతి చెప్పాడు. ఆమె ఉంటే ఆ వరసలోనే చెప్పమనేది.

జాను బిడ్డను చంకనేసుకుని నిలబడి ఉంది. "వినపడలేదు మామా. మళ్లీ చెప్పు" అంది.

ఓబన్న మళ్లీ చెప్పాడు.

"వినపడలేదు."

ఓబన్న ఇంకోసారి చెప్పాడు. నీళ్లు కాచి తాగాలమ్మా అన్నాడు. మీ అవ్వ ఇక రాదమ్మా అన్నాడు.

"వినపడింది" అంది జాను. ఇంట్లోకి పోయి పొయ్యి వెలిగించి, ముందు బిడ్డకు తాగే నీళ్లు పెట్టింది. తర్వాత కూర్చుని ఏడ్చింది. ఆ వానాకాలం ఊళ్లో, విని కూడా నీళ్లు కాచనివాళ్లు చాలామంది పోయారు. దూదిపేటలో ఎవరూ పోలేదు, పీరమ్మ తప్ప.

"రేవు దాటమని నీకెవరు చెప్పార్రా?" అని దివాను ఓబన్నను నిలబెట్టి అడిగాడు.

"యావన్మందికీ అని చెప్పమన్నది తమరే కదా దొరా" అన్నాడు ఓబన్న. వీపు చిట్లింది. తర్వాతి చాటింపుకూ ఏరు దాటాడు.

ఆ రాజు పేరేమిటో, ఆ దివాను పేరేమిటో ఇప్పుడు ఎవరికీ తెలియదు. దూదిపేటలో విళ్లు కూడా తగ్గిపోయాయి. తప్పెట పోయి మైకు వచ్చింది. కానీ టీకాలని, జ్వరాలని, మందులని చెప్పడానికి ఎవరొచ్చినా, చివరి ఇంట్లోంచి ఒకరు బయటికొచ్చి, ఎంత బాగా వినపడినా సరే, "వినపడలేదు, మళ్లీ చెప్పు" అంటారు. వచ్చినవాళ్లు మళ్లీ చెప్పాల్సిందే. సంగతి తెలియని కొత్త నర్సమ్మలు పేటలో అందరికీ చెవుడేమో అనుకుని మైకు పెద్దది చేస్తారు.

"గొంతు పెంచక్కర్లేదమ్మా" అంటారు అక్కడి ముసలివాళ్లు. "ఇంకోసారి చెప్పు, చాలు."