బొచ్చప్ప పెద్ద రంపం, సుంకులు చిన్న రంపం

ఎర్రగుట్ట అడవిలో వానాకాలం నాలుగు నెలలూ అందరికీ ఒకటే పొయ్యి. ఎవరి గుహలో వాళ్లు వండుకోవడం అక్కడ లేదు. గుట్ట కింద రాతి పొయ్యి, పొయ్యి మీద గంగాళం, గంగాళం పక్కన ఏనుగు గున్నమ్మ అవ్వ. అవ్వ తొండం పెట్టి కలిపితే రాగి అంబలి ఒక్క ఉండ కట్టదు. ఆ అంబలి ఊరికే రాదు. కొందరు నీళ్లు మోయాలి, కొందరు రాగులు విసరాలి. కట్టెలు కోసి తెచ్చే ఇంటికి మాత్రం పెద్దపీట. నాలుగు నెలలూ ఆ ఇంటిల్లిపాదికీ కడుపునిండా అంబలి.

ఆ కట్టెల పని ఏళ్ల తరబడి ఎలుగుబంటి బొచ్చప్పది. పోయిన ఏడు బద్ధకించి పచ్చికట్టెలు తెచ్చి పడేశాడు. పొగకు గున్నమ్మ అవ్వ కళ్లు చింతనిప్పులయ్యాయి. అడవి మొత్తం మాడు అంబలి తాగింది.

"ఈ ఏడు ఎవరైనా సరే, ఎండుకట్టెలు తెచ్చేవాళ్లకే పని" అని అవ్వ చాటించింది.

ఆ మాట విని ముంగిస సుంకులు ముందుకొచ్చింది. దానికి ముగ్గురు పిల్లలు. మగడిని వేసవిలో గద్ద ఎత్తుకుపోయింది. వాన పడితే ఎలుకల బొరియలు నీళ్లతో నిండిపోతాయి, వేట దొరకదు. ఈ పని దొరికితే పిల్లలు బతుకుతారు, లేకపోతే లేదు. దాని లెక్క అంత సూటిగా ఉంది.

"నువ్వా!" అని బొచ్చప్ప పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఏమ్మే సుంకులూ, కట్టె నువ్వు మోస్తావా, కట్టె నిన్ను మోస్తుందా?"

"మోసేది తర్వాత చూద్దాం మామా, ముందు కోద్దాం" అంది సుంకులు.

కోయడానికి సామాను ఉంది. పోయిన నెల కలప దొంగలు అడవిలోకి వచ్చి, గున్నమ్మ అవ్వ ఒక్క ఘీంకారం పెట్టేసరికి రెండు మోటారు రంపాలూ, ఒక పెట్రోలు డబ్బా, ఒక సామాను సంచీ వదిలేసి, చెప్పులు కూడా తొడుక్కోకుండా పరిగెత్తారు. ఒకటి పెద్ద రంపం, దాని పట్టీ ఒకటిన్నర మూర. ఇంకొకటి చిన్నది, పట్టీ జానకు కాస్త ఎక్కువ. పట్టీ చుట్టూ పళ్ల గొలుసు. తాడు లాగితే చాలు, గొలుసు గిర్రున తిరుగుతుంది. గాలివానకు కూలిన నల్లమద్ది చెట్టు ఎండలకు గలగలా ఎండిపోయి ఉంది. కోతకు అది చాలు.

రంపాలు బండ మీద పెట్టగానే అడవంతా చుట్టూ మూగింది. కొండముచ్చులకైతే పండగే పండగ.

"పెద్దది పులిరా! దుంగను ఒక్క గుటకలో మింగుతుంది!" అన్నాడు ఒక కొండముచ్చు.

"పెట్రోలు కూడా అలాగే మింగుతుంది" అంది ఇంకొకతి. "చిన్నదైతే పిట్టలాగా చుక్క చుక్క తాగుతుంది."

"పిట్ట చెట్టు నరుకుతుందా?"

"చెట్టు కూలే ఉంది కదరా మొద్దూ! కొమ్మలు కోయడానికి పులి ఎందుకు?"

"బరువు చూశావా? పొద్దున ఎత్తితే మధ్యాహ్నానికి భుజం ఊడి చేతికొస్తుంది!"

"నీ భుజమైతే ఊడుతుంది. మామ భుజం చూడు, దాని మీద నువ్వు కాపురం పెట్టొచ్చు!"

ఇలా వాళ్లు అరుచుకుంటూ ఉంటే నక్క జంబయ్య మెల్లగా వచ్చి పెద్ద రంపం తీసి బొచ్చప్ప చేతిలో పెట్టాడు. బొచ్చప్ప గెలిస్తే సగం అంబలి తనకు, అది వాళ్లిద్దరి మధ్య ఒప్పందం.

"బావా, మగాడి చేతికి మగాడి రంపం. సుంకులక్కకు ఆ పిల్లకాయల బొమ్మ ఉందిలే."

సుంకులు పెద్దదాన్ని ఒకసారి ఎత్తి చూసింది. పట్టీ ముందుకు వాలింది, సుంకులు తలకిందులైంది, తోక పైకి లేచింది. కొండముచ్చులు కొమ్మల మీద నుంచి రాలి పడి మరీ నవ్వారు. సుంకులు లేచి దుమ్ము దులుపుకుని చిన్నదాన్నే తీసుకుంది.

"రేపు ఒక రోజు చేయి అలవాటు చేసుకోండి" అంది గున్నమ్మ అవ్వ. "ఎల్లుండి పోటీ. పొద్దు నడినెత్తికి రాగానే కుప్పలు చూస్తాను. కట్టె మూరెడు పొడవుండాలి, నా పొయ్యి నోట్లో పట్టాలి. ఎవరి కుప్ప పెద్దదైతే పని వాళ్లది."

ఇందులో బొచ్చప్ప చెవికెక్కింది ఒక్క మాటే, కుప్ప పెద్దది. ఆ సంబరంతో మర్నాడు పొద్దుగూకేదాకా నిద్రపోయాడు.

సుంకులు మాత్రం మర్నాడంతా కోసి చూసింది. రెండు పంగల కర్రలు పాతి, వాటి మధ్య కొమ్మ పెట్టి కోస్తే రంపం వెన్నలో దిగినట్టు దిగింది. ఒకసారి ఏమరుపాటున కొమ్మను నేల మీదే ఉంచి కోసింది. కొమ్మ తెగింది, రంపం కొస మట్టిలో దిగింది. అంతే, ఆ తర్వాత రంపం కోయదు! ఎంత నొక్కినా పొట్టు బదులు పిండి రాలుతోంది. పళ్లన్నీ మట్టికి మొద్దుబారాయి. సంచిలో దొరికిన ఆకురాయితో ఒక్కొక్క పన్నూ అరగదీసి పదును పెట్టేసరికి దానికి తాతలు దిగొచ్చారు.

'చిటికెడు మట్టికే ఇంత పని' అనుకుంది సుంకులు. అప్పుడే దాని కళ్లు చెట్టు పక్కనున్న చెదపుట్ట మీద పడ్డాయి. ఎలుగుబంటికి చెదపురుగులంటే ఎంత ప్రాణమో అడవిలో తెలియనిదెవరికి?

పోటీ పొద్దున, కోతకు చోట్లు పంచుకునే వేళ, సుంకులు చేతులు కట్టుకుని నిలబడింది.

"అవ్వా, ఒక్క మనవి. ఇక్కడ రెండే చోట్లున్నాయి. ఒకటి రాతి గరుకు నేల, ఇంకొకటి ఆ చెదపుట్ట. పుట్ట మీద దుంగ ఆనించుకుంటే నడుముకు సుఖం. ఆడకూతుర్ని, ఆ చోటు నాకిప్పించు."

బొచ్చప్ప ముక్కు అప్పటికే పుట్టవైపు తిరిగి ఉంది. లోపల చెదలు కదిలే చప్పుడు ఆయన చెవికి సన్నాయిలా వినిపిస్తోంది.

"అదేం కుదరదు! పెద్దవాణ్ని, ముందు నేనే కోరుకోవాలి. పుట్ట నాది!"

"అంతే కదా మరి!" అన్నాడు జంబయ్య. "అది అడిగిందంటే అక్కడేదో లాభం ఉన్నట్టే. వదలకు బావా!"

"సరే మామా, నీ దయ, నా ప్రాప్తం" అని సుంకులు మూతి ముడుచుకుని గరుకు నేల మీదకు నడిచింది. నవ్వు ఆపుకోలేక దాని తోక చివర మాత్రం వణుకుతోంది.

అవ్వ తొండమెత్తి ఊదింది. పోటీ మొదలైంది.

బొచ్చప్ప పీపాలాంటి దుంగను దొర్లించి పుట్టకు ఎక్కించాడు. తాడు లాగాడు. బ్రూమ్మని పెద్ద రంపం అరిచిన అరుపుకు కుందేళ్లు మూడు పల్టీలు కొట్టాయి. పట్టీ దుంగలో దిగింది. సుంకులు తాడు లాగి, కొమ్మ సర్దుకునే లోపలే తిరగలి రాయంత ముక్క దభీమని కింద పడింది.

"చూశారా పులిని!" అని కొండముచ్చులు ఈలలు వేశారు.

 ఇంత వేగం సుంకులు అనుకోలేదు. ముక్కకు ముక్క లెక్క చూస్తే పొద్దెక్కకముందే పిల్లల అంబలి పోయేలా ఉంది. పళ్లు బిగించి తన పని తాను చేసుకుపోయింది. సన్నకొమ్మలు అయిదారు ఒక కట్టగా తీగతో బిగించి పంగల మధ్య పెట్టింది. ఒక్క కోతకు ఆరు కట్టెలు. మళ్లీ కట్ట, మళ్లీ కోత. తొడంత లావు కొమ్మ ఒకటి తగిలితే చిన్న రంపం సగంలోనే ఆయాసపడి ఆగింది. సుంకులు దాంతో పంతానికి పోలేదు, పక్కకు నెట్టేసింది.

అక్కడ పుట్ట దగ్గర సంగతి వేరేగా ఉంది. మొదటి కోతకే పొడవాటి పట్టీ దుంగ దాటి పుట్టలోకి మూరెడు దిగింది. పుట్ట పగిలింది. తెల్లగా, బొద్దుగా, చెదలు వరదలా బయటికొచ్చాయి.

"బావా, రెండో కోత!" అన్నాడు జంబయ్య.

"ఉండవోయ్" అని బొచ్చప్ప మూతి సున్నాలా చుట్టి జుర్రుమని ఒక పీల్పు పీల్చాడు. "ఆహా! బావా, వేయించిన వేరుశనగలు కూడా దీని ముందు దిగదుడుపే."

"పోటీ బావా, పోటీ!"

"కోస్తున్నానుగా!" రంపం చేతిలో, మూతి పుట్టలో. కోత దుంగ దాటడం, పుట్టలోకి దిగడం, చెదలు రావడం, జుర్రుమనడం. ఆయనకు ఇదొక మిషను పనిలాగా బాగా కుదిరింది.

మట్టి తగిలిన పళ్లతో రెండో కోతే ముక్కుతూ మూలుగుతూ తెగింది, మూడో కోతకు రంపం మొరాయించింది. దుంగలోంచి పొట్టు రాలడం మానేసి ముక్కుపొడిలా మెత్తటి పిండి రాలింది.

"నొక్కు బావా!"

నొక్కాడు. పొగ లేచింది.

"ఇంకా నొక్కు!"

బొచ్చప్ప ఒళ్లంతా దాని మీద వేశాడు. పొగ నల్లబడింది, పట్టీ కాలింది, ఆయన బొచ్చుకు ఒక పక్క సెగ తగిలి చుర్రుమంది. ఆయన ఎగిరి పుట్ట మీదే కూర్చున్నాడు. చెదలకు అంతకన్నా మంచి అవకాశం ఎప్పుడొస్తుంది? ఇన్నాళ్ల బాకీ ఒక్కసారిగా తీర్చుకున్నాయి. బొచ్చప్ప రెండు చేతులా వెనక భాగం గోక్కుంటూ చెట్టు చుట్టూ మూడు ప్రదక్షిణాలు చేశాడు. రంపం మాత్రం దుంగలో ఇరుక్కుని అరుస్తూనే ఉంది. అరిచి అరిచి, పెట్రోలు అయిపోయి, గుటుక్కుమని ఆగింది.

పొద్దు నడినెత్తికి వచ్చింది.

సుంకులు ముందు మూరెడు పొడవు కట్టెలు నడుమెత్తు కుప్ప. బొచ్చప్ప ముందు తిరగలి రాళ్లలాంటి ముక్కలు రెండే రెండు.

జంబయ్య ఊరుకుంటాడా? "అవ్వా, న్యాయం చూడు! ఆ పుల్లలన్నీ కలిపి తూచినా మా బావ ముక్కలో సగం తూగవు. బరువే కదా కుప్ప!"

"పొయ్యిలో పెట్టు నాయనా, చూద్దాం" అంది అవ్వ చల్లగా.

బొచ్చప్ప, జంబయ్య కలిసి ఒక ముక్కను దొర్లించుకుంటూ తెచ్చారు. పొయ్యి నోటికి అది తలుపులా సరిగ్గా అడ్డం పడింది తప్ప లోపలికి పోలేదు. రెండోదాన్ని జంబయ్య ఒక్కడే తెస్తానని మిడిసిపడ్డాడు. అది వాలులో చేతికి చిక్కలేదు. తప్పించుకోబోయి జంబయ్య దాని మీదికే ఎక్కాడు. ముక్క కింద దొర్లుతుంటే పైన నాలుగు కాళ్లూ టపటపలాడిస్తూ, "ఆపండి! ఎవరైనా ఆపండర్రా!" అని కేకలు పెడుతూ గుట్ట దిగి, రేగుపొదల్లోంచి దూరి, నేరుగా అడవిపందుల బురదలో తేలాడు.

సుంకులు నాలుగు కట్టెలు పొయ్యిలో పెట్టింది. పొగ లేదు. మంట గుప్పున లేచింది. గంగాళం చుట్టూ బుడగలు వచ్చేసరికి గున్నమ్మ అవ్వ మూడు చిన్న ముంతలు తీసి వరసగా పెట్టింది.

"ఏవే నీ పిల్లలు? పిలువు. ఈ నాలుగు నెలలూ ముందు ముంత వాళ్లదే."

ముగ్గురు ముంగిస పిల్లలు ముక్కులదాకా మూతులు ముంచి అంబలి తాగుతుంటే సుంకులు కాసేపు వాళ్లను చూస్తూ ఉండిపోయింది. ఆ తర్వాత వాళ్ల పక్కనే కూర్చుంది.

బొచ్చప్ప గోక్కోవడం ఆపి దగ్గరికొచ్చాడు. "సుంకులూ, ఆ పుట్ట నువ్వు కావాలనే అడిగావా?"

"అడిగింది నేను, లాక్కుంది నువ్వు మామా."

బొచ్చప్ప మళ్లీ గోక్కోవడం మొదలుపెట్టాడు. 

"నీ రంపం చెడ్డది కాదు" అంది సుంకులు. "వాగు దారికి అడ్డంగా ఆ చెట్టు మొదలు పడి ఉంది చూడు, అది నా రంపానికి జన్మలో తెగదు. కింద రాళ్లు పేర్చి, మట్టి తగలకుండా నువ్వు కోసిపెట్టు. చీల్చి పొయ్యిదాకా చేర్చే భారం నాది. నీకూ ఒక ముంత పోయమని అవ్వను అడుగుతాను. కానీ ముందు పళ్లకు పదును పెట్టుకోవాలి."

"పెడతాను. పళ్లు ఎన్నున్నాయేం?"

"ఎనభై నాలుగు" అని ఆకురాయి చేతికిచ్చింది.

సాయంత్రందాకా అడవిలో ఒకటే చప్పుడు, కర్రు, కర్రు, కర్రు. బురద ఎండి చిప్పలు కట్టిన జంబయ్య పట్టీ పట్టుకుని కూర్చున్నాడు. బొచ్చప్ప ముప్ఫై ఏడో పన్ను దగ్గర లెక్క మరిచిపోయి మళ్లీ మొదటికొచ్చాడు.

రంపాన్ని కట్టె లావు చూసి ఎంచుకోవాలి, కోసే చోటును మాత్రం నోటి రుచి చూసి ఎంచుకోకూడదు.