రాయి పడని కుండ

అనగనగా ఒక రాజ్యం. ఎంత పెద్ద రాజ్యమంటారు? తూర్పు గుమ్మంలో ఒకడు పొలికేక వేస్తే, అది పడమటి గుమ్మం చేరేసరికి వాడికి మనవలు పుట్టేవారు. అంత రాజ్యాన్నీ పృథుసేన మహారాజు ఒంటిచేత్తో ఏలేవాడు. రెండో చెయ్యి మీసం మెలేయడానికే సరిపోయేది.

ఆ రాజుకు యుద్ధాలంటే విసుగు, సత్రాలంటే మక్కువ. దారి పొడుగునా సత్రాలు కట్టించి, వాటిలో ఏది మంచిదో తేల్చడానికి ఒక పద్ధతి పెట్టాడు. ప్రతి సత్రం గుమ్మంలో ఒక ఖాళీ కుండ, పక్కనే గులకరాళ్ల గుట్ట. అన్నం ఉడకలేదన్నవాడు ఒక రాయి వేసి పోవాలి. చాపలో నల్లులున్నాయన్నవాడు ఒక రాయి వేసి పోవాలి. ఏడాది చివర ఏ కుండ తేలిగ్గా ఉంటే ఆ సత్రానికి బంగారు గంట. ఈ పద్ధతి ఎంత బాగా పనిచేసిందంటే, దండెత్తి వచ్చిన పొరుగు దేశపు సైన్యం దారిలో ఒక పూట భోంచేసి, యుద్ధం సంగతి మరిచిపోయి, తాంబూలం నములుతూ వెనక్కి పోయింది.

ఆ కుండలు చూసి తీర్పు చెప్పే అధికారి పేరు విమలదత్తుడు. లంచం ముట్టడు, అబద్ధమాడడు. ఇక అతని ముక్కు అలాంటిలాంటి ముక్కు కాదు. పప్పు వాసన చూసి ఆ కంది ఏ చేలో పండిందో, ఆ చేను గట్టు మీద ఎవరి ఎద్దు పడుకుందో చెప్పేవాడు.

ఇంతటివాణ్ణి పెంచింది మజ్జిగ అమ్ముకునే పేరిందమ్మ. కరువు నాడు సంతలో ఎవరో వదిలేసి పోయిన పసివాణ్ణి, మజ్జిగ కుండ పక్కనే బుట్టలో కూర్చోబెట్టుకుని సాకింది. పేరిందమ్మ మజ్జిగ చల్లన, నోరు వేడి. ఆవిడ తిట్టడం మొదలుపెడితే చెట్టు మీది చింతకాయలు నెల ముందే పండిపోయేవి. విమలదత్తుడు ఎంత అధికారి అయినా, ఇంటికొచ్చి పొట్టి గుమ్మానికి నెత్తి కొట్టుకున్న ప్రతిసారీ, "ఒరే దద్దమ్మా, గుమ్మం నీకోసం ఎదుగుతుందనుకున్నావా" అని తిడుతూనే వెన్న రాసేది. ఆ తిట్టు వినపడితేగాని అతనికి ముద్ద దిగేది కాదు.

కాలం ఎవరి కోసం ఆగుతుంది? పేరిందమ్మ మోకాళ్లు పట్టేశాయి. ఒకరు లేపితేగాని లేవలేదు. విమలదత్తుడేమో ఇంట్లో ఉండేది తక్కువ, ఊళ్లు తిరిగేది ఎక్కువ. ఇంట్లో మరో మనిషి లేదు.

సరిగ్గా అప్పుడే మహారాజు దిక్కులేని ముసలివాళ్ల కోసం మూడు శాలలు కట్టించాడు. వాటిలో ఏది గొప్పదో తేల్చమని విమలదత్తుణ్ణి పిలిచి చెప్పాడు. నెగ్గిన శాలలోనే మా అమ్మను ఉంచుతానని అతను రాజుతో అన్నాడు. రాజు మురిసిపోయి, మన పద్ధతి ఉండనే ఉందిగా, కుండలు పెట్టించమన్నాడు.

మొదట పాలరాతి శాలకు వెళ్లాడు. ఆ నేల నునుపు ఏమని చెప్పను, ఈగ వాలబోయి జారి నడుం విరగ్గొట్టుకుంది. తెల్లటి దుప్పట్లలో ముసలివాళ్లు మల్లెమొగ్గలు పేర్చినట్టు వరుసగా పడుకుని ఉన్నారు. విమలదత్తుడు ఒక్కొక్కరినీ లోటేమైనా ఉందా అని అడిగాడు. "అంతా బాగుంది నాయనా" అన్నారు అందరూ, ఒకే మాట. ఎండలు అప్పుడే ముదురుతున్నాయి. పాపమని అతను అందరికీ మజ్జిగ పోయించబోతే ఒక్కరూ పుచ్చుకోలేదు. దాహం లేదన్నారు.

శాల పెద్ద శీలభద్రుడు చేతులు నలుపుకుంటూ, "తృప్తండీ, తృప్తి. తృప్తి ఉన్నచోట దప్పిక ఉండదు" అన్నాడు. ఆ మాటకు విమలదత్తుడు ముచ్చటపడిపోయాడు. కుండ బోర్లిస్తే దుమ్ము కూడా రాలలేదు.

రెండోది పూలతోట శాల. అక్కడ పొద్దస్తమానం వీణ, మృదంగం. గంజి అడిగితే పాయసం పెట్టేవారు, నిద్రపోతుంటే లేపి దండ వేసేవారు. కుండ సగం నిండింది.

మూడోది పెంకుటి శాల. దాని రొద ఆమడ దూరానికే వినిపించింది. వాకిట్లో దండేల మీద పక్కబట్టలు ఆరేసి ఉన్నాయి. ఆ వాసనకు విమలదత్తుడి ముక్కు ముడుచుకుపోయింది. లోపల ఒకావిడ చారులో ఉప్పెక్కువైందని విసనకర్రతో మంచం బాదుతోంది. ఒక తాత శాల పెద్ద సుంకులమ్మను నిలబెట్టి దులిపేస్తున్నాడు: "వీపు గోకమని పొద్దున చెప్పానే సుంకులూ. నువ్వొచ్చేసరికి ఆ దురద ముసలిదై చచ్చిపోయింది."

"పోతే పోయిందిలే తాతా, దాని పిల్లలుంటాయిగా, గోకుతా ఉండు," అంది సుంకులమ్మ, ఇంకో ముసలావిడను చంకల కింద పట్టి లేపుతూ.

అందరూ విమలదత్తుణ్ణి చూడగానే రాళ్ల మీద పడ్డారు. నీళ్లు ఆలస్యమని ఒక రాయి, దిండు ఎత్తుగా ఉందని ఒక రాయి, పక్కమంచం ఆయన గురకకు ఒక రాయి. కుండ నిండి పొర్లింది. రాళ్లు చాలకపోతే ఏటి నుంచి తెప్పిస్తానంది సుంకులమ్మ. సిగ్గులేని మనిషి అనుకున్నాడు విమలదత్తుడు.

బంగారు గంట పాలరాతి శాలకు దక్కింది. విమలదత్తుడు పేరిందమ్మను పల్లకీలో తీసుకుపోయి అక్కడ దింపాడు. ఆవిడ దారి పొడుగునా పల్లకీ మోసేవాళ్లను, దారిని, ఎండను, అతన్ని వరుస పెట్టి తిట్టింది. లోకంలోకెల్లా మంచి చోట అమ్మను ఉంచానన్న తృప్తితో అతను ఊళ్లు తిరగడానికి వెళ్లిపోయాడు.

మొదటిసారి చూడబోయినప్పుడు పేరిందమ్మ తెల్లటి దుప్పటిలో పడుకుని ఉంది. ఎలా ఉన్నావమ్మా అంటే, "అంతా బాగుంది నాయనా" అంది. పుట్టి బుద్ధెరిగాక ఆవిడ తనను నాయనా అని పిలవడం అదే మొదలు. అమ్మనే ఇంత మెత్తబరిచారంటే ఎంత ఆదరిస్తున్నారో అనుకుని, శీలభద్రుడికి శాలువా కప్పి వెళ్లాడు.

రెండోసారి వెళ్లినప్పుడు, ఆవిడకు ప్రాణమైన చిక్కటి మజ్జిగలో అల్లం, కరివేపాకు వేసి పట్టుకెళ్లాడు. ఆవిడ మొహం తిప్పుకుంది. దాహం లేదంది. వయసు మీద పడితే రుచులు పోతాయి కాబోలనుకున్నాడు. అనుకున్నాడే గాని, ఆ మజ్జిగ వెనక్కి మోసుకొస్తుంటే కొండను మోస్తున్నట్టుంది.

మూడోసారికి రోహిణి కార్తె వచ్చింది. రోళ్లు పగిలే ఎండలంటారే, ఆ ఏడు రోళ్లే కాదు, రోకళ్లు కూడా పగిలాయి. పేరిందమ్మ పెదవులు ఎండిన చెరువు అడుగులా బీటలు వారి ఉన్నాయి. విమలదత్తుడు చెంబెడు నీళ్లు ముంచి తెచ్చాడు. ఆవిడ చెయ్యి చెంబును తోసేస్తోంది. కళ్లు మాత్రం నీళ్ల మీదే ఉన్నాయి. అతను తల తిప్పి చూశాడు. ఆ వరుసలో అందరి కళ్లూ ఆ చెంబు మీదే ఉన్నాయి.

అతను మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చుని, ఎందుకు తాగవమ్మా అని అడిగాడు. పేరిందమ్మ గుమ్మం వైపు చూసింది. శీలభద్రుడు ఎవరికో బంగారు గంట చూపించడానికి అవతలికి వెళ్లాడు. అప్పుడు గుసగుసగా చెప్పింది.

"తాగితే లేవాలి గదా నాయనా. లేపమంటే వాళ్లకు కోపం. పక్క తడిస్తే ఇంకా కోపం. తాగకపోతే ఏ గొడవా లేదు."

"మరి కుండలో రాయి వెయ్యొచ్చు గదమ్మా."

"సత్రంలోవాడు రాయి వేసి, తెల్లారితే తన దారిన పోతాడు. నేను వేసి ఎక్కడికి పోను నాయనా? మళ్లీ వాళ్ల చేతుల్లోనే గదా ఉండాలి."

పప్పు వాసన చూసి చేను పేరు చెప్పే ఆ ముక్కు, అమ్మ పక్కనే ఉన్న భయాన్ని పసిగట్టలేకపోయింది. విమలదత్తుడు పల్లకీ కోసం కూడా ఆగలేదు. ఆవిడను వీపున వేసుకుని ఎండలో పెంకుటి శాల దాకా నడిచాడు. ఒకప్పుడు కావడి నిండా మజ్జిగ కుండలు మోసిన మనిషి, ఎండుటాకంత బరువు కూడా లేదు.

సుంకులమ్మ ఎందుకు, ఏమిటి అని అడగలేదు. చెంచాతో నీళ్లు పట్టింది. ప్రతి చెంచాకూ పేరిందమ్మ ఆవిడ మొహంలోకి చూసేది. కాసిని తాగాక సుంకులమ్మ చెయ్యి పట్టుకుని, "నేను లేపమని అడగనులే తల్లీ" అంది. సుంకులమ్మ మొహం పక్కకు తిప్పుకుని కళ్లు ఒత్తుకుంది. తర్వాత అడక్కుండానే లేపి తీసుకెళ్లింది.

అమ్మ నోట మళ్లీ ఒక్క తిట్టు వింటే బతికినట్టే అనుకున్నాడు విమలదత్తుడు. కావాలనే చేతిలో మజ్జిగ ఒలకబోశాడు. ఆవిడ ఏమీ అనలేదు. కావాలనే గంజి మాడ్చి పెట్టాడు. మాట్లాడకుండా మింగింది. కావాలనే వెళ్లి గుమ్మానికి నెత్తి కొట్టుకున్నాడు, రక్తం చిమ్మేలాగ. వచ్చి ఆవిడ ముందు తల వంచి, "ఒక్కసారి తిట్టమ్మా" అని బతిమాలాడు.

పేరిందమ్మ అతని నెత్తి నిమిరింది. "అంతా బాగుంది నాయనా" అంది. అదే ఆవిడ ఆఖరి మాట.

విమలదత్తుడు ఏడ్చిన ఏడుపుకు ఏరు పొంగిందంటారు. పొంగిందో లేదో గాని, ఆ రోజు పెంకుటి శాలలో ఎవరూ ఉప్పెక్కువైందనలేదు.

కర్మలు ముగిశాక సభకు వెళ్లి, నా తీర్పు తప్పు మహారాజా అని జరిగింది జరిగినట్టు చెప్పాడు. రాజు మీసం మెలేయడం మరిచిపోయాడు. శీలభద్రుణ్ణి పొలిమేర దాటించాడు. బంగారు గంట పెంకుటి శాలకు పంపాడు. దాని మోత చెవులు తినేస్తోందని ఆ సాయంత్రమే అక్కడి ముసలివాళ్లు గొడవకు దిగారు. ఇకమీదట రాళ్లు ఎక్కువ పడ్డ కుండకే బహుమతి అని చాటించమన్నాడు రాజు.

"అప్పుడు రాళ్లు వెయ్యమని ముసలివాళ్లను కొడతారు మహారాజా," అన్నాడు విమలదత్తుడు. "నేను కుండలో చూశానే గాని, వాళ్ల మొహాల్లో చూడలేదు."

వేలికున్న అధికార ముద్ర ఉంగరం తీసి రాజు పాదాల దగ్గర పెట్టాడు. పాలరాతి శాలలో ముసలివాళ్లను లేపే పని ఇమ్మని అడిగి పుచ్చుకున్నాడు.

వెళ్లిన రోజున చల్లటి నీళ్లు పట్టుకుని వరుసంతా తిరిగాడు. ఎవరూ తాగలేదు. మర్నాడూ తాగలేదు. అతను మాత్రం తిరగడం మానలేదు. చివరికొక రోజు మాదన్న అనే ముసలి మావటివాడు ఒక్క గుక్క తాగి, గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఎంతో సేపయ్యాక, దొంగతనం ఒప్పుకుంటున్నవాడిలా చిటికెన వేలు పైకెత్తాడు.

విమలదత్తుడు పరుగెత్తాడు. మహారాజు పిలిచినా అంత వేగంగా ఎన్నడూ పరుగెత్తలేదు. గాలి వెనకబడిపోయి రొప్పుతూ నిలబడింది. మాదన్నను రెండు చేతులా లేపి తీసుకెళ్లాడు, మెల్లగా తీసుకొచ్చి పడుకోబెట్టాడు. కోప్పడలేదు. వరుసంతా ఊపిరి బిగబట్టి అది చూసింది.

అప్పుడు పక్కమంచం మీది ముసలావిడ చెయ్యి నీళ్ల కోసం చాపింది. ఆవిడ పక్కనాయన చాపాడు. ఆ తర్వాత ఒక్కొక్క చెయ్యీ లేచింది.

కాబట్టి పిల్లలూ, పెద్దలూ, ఎవరూ నోరు మెదపని చోట లోటేమీ లేదనుకోకండి. జంకు లేకుండా అడగగలిగిన చోటే ఆదరణ ఉన్నట్టు.