కనుమ మీది రాళ్లకుప్ప

వెనకటికి కొండల నడుమ మల్లగిరి అనే చిన్న రాజ్యం ఉండేది. దాని రాజు ప్రచండవర్మ. రాజ్యం చిన్నదే కానీ, ఆయన బిరుదులు చదవడానికి వందిమాగధులకు ఊపిరి చాలేది కాదు.

ఒకనాడు సభలో ఆయన ఇలా సెలవిచ్చాడు: "కనుమ మీద బాటసారులు మొక్కే ఆ రాళ్లకుప్పను తీసేయండి. దానికి విగ్రహమా, స్థలపురాణమా? అక్కడ నా పేరిట ఆలయం కట్టిస్తాను. రాజు ప్రతిష్ఠిస్తేనే అది పుణ్యక్షేత్రం!"

సభంతా తలూపింది. రాజుగారిని నవ్వించే కొలువులో ఉన్న కొమరన్న మాత్రం తలూపలేదు. అతని తల్లి నిండు చూలాలిగా ఆ కనుమ దగ్గర సొమ్మసిల్లితే, అక్కడివాళ్లు పోసిన నీళ్లే ఇద్దరినీ బతికించాయి.

"అది ఇప్పటికే పుణ్యక్షేత్రం ప్రభూ," అన్నాడు లేచి.

"నిరూపించు. లేదా నీ కొలువు ఊడినట్టే!"

"చిత్తం. మొదటి రాయి మాత్రం తమ చేత్తోనే తీయాలి. అదీ నడిచి వెళ్లి. పల్లకీ ఎక్కితే, రాజుగారికి సత్తువ లేదంటారు జనం."

రాజు మీసం దువ్వాడు. "నడిచే వస్తాను!"

"నీళ్లకావడి?"

"అదెందుకు? నేనేం పసివాణ్ణా?"

మర్నాడు ఎండ మాడ్చేసింది. కనుమ చేరేసరికి రాజు నాలుక పిడచకట్టుకుపోయింది. ఉన్నచోటే కూలబడ్డాడు.

పక్కన పాకలోంచి ఒక ముసలమ్మ కుండతో పరుగున వచ్చింది. ఆయనెవరో ఆమెకు తెలియదు. "మెల్లగా తాగు నాయనా, పొలమారుతుంది," అంటూ దోసిట్లో నీళ్లు పోసింది.

కడుపారా తాగి, రాజు రెండు చేతులూ జోడించాడు. "ప్రాణం పోశావు తల్లీ!"

"నాదేముంది నాయనా? మా అత్త పోసేది, అంతకుముందు వాళ్లత్త పోసేది. తాగినవాళ్లు ఇలాగే దండం పెట్టి, గుర్తుగా ఒక రాయి ఉంచి పోతారు. అలా అలా అంత కుప్పయింది," అందామె.

కొమరన్న వినయంగా రాజు చెవి దగ్గరకు వంగాడు. "ప్రభూ, ఇక మొదటి రాయి తీయండి."

రాజుకు చెయ్యి లేవలేదు. "ఉండవయ్యా! ఇంతకీ ఇక్కడున్న దేవుడెవరు?"

"ఇందాక తమరు చేతులు జోడించింది ఎవరికో, ఆ దేవుడే ప్రభూ. పేరు మాత్రం నాకూ తెలియదు."

రాజు కొండంతా మారుమోగేలా నవ్వాడు. నవ్వుతూనే ఒక రాయి ఏరి కుప్ప మీద ఉంచి, కళ్లు మూసుకుని మొక్కాడు. తన రత్నకంకణం ఊడదీసి కొమరన్న చేతికి తొడిగాడు.

ఆ కంకణం మెరుపు చూశాక గానీ ముసలమ్మకు సంగతి బోధపడలేదు. "రాజువా నాయనా?" అని బుగ్గన వేలేసుకుంది. "అయితే ఇంకో దోసెడు తాగు. చాలా దూరం దిగాలి."

రాజు బుద్ధిగా దోసిలి పట్టాడు.