లోపల చప్పుడు లేని కారు

ఎవరైనా ప్రశ్న అడిగితే సీతారత్నంగారు జవాబు చెప్పే ముందు చెప్పులు వేసుకునేవారు. అనకాపల్లిలో ఆదివారాలు ఆవిడ దగ్గర గీత చెప్పించుకునే నలుగురైదుగురికీ ఈ అలవాటు తెలుసు. కాలేజీలో సంస్కృతం చెప్పి రిటైరైన మనిషి. శ్లోకం మీద సందేహమైతే గంటసేపు మాట్లాడగలరు. కానీ అడిగినవాడి సొంత గొడవ అని తోస్తే మాత్రం పుస్తకం మూసి, "పద, చూసొద్దాం" అని లేచేవారు.

శ్రావణంలో ఒక ఆదివారం పాఠం అయ్యాక త్రినాథ్ అడిగాడు.

"అమ్మగారూ, మంచి వస్తువు మీద మనసు పడటం తప్పాండీ?"

"ఏ వస్తువు మీద?"

"కారండీ. సెకండ్ హ్యాండ్‌దే."

పక్కనున్నవాళ్ళు నవ్వారు. ఆవిడ నవ్వలేదు.

త్రినాథ్ పరవాడ దగ్గర మందుల కంపెనీలో ఇంజనీరు. పెళ్ళయిన కొత్తలో కొన్న చిన్నకారులోనే ఇన్నాళ్ళూ రోజూ డ్యూటీకి వెళ్ళొస్తున్నాడు. ముందు సీట్లో భార్య హైమ కూర్చుంటుంది, దారిలో ఆమెను స్కూలు దగ్గర దింపుతాడు. వెనక సీటు అదే కంపెనీలో పనిచేసే నూకరాజుది. అతను టిఫిను పొట్లం విప్పుకుని, ఊళ్ళో రాజకీయాలన్నీ దారి పొడుగునా తేల్చేస్తాడు. ఆ కారు ఏనాడూ మొరాయించింది లేదు. అయినా మూడు నెలలుగా త్రినాథ్‌కి దాని తలుపు వేసిన చప్పుడు వింటేనే చిరాకు పుడుతోంది.

రెండు కార్లు అతని మనసులో తిరుగుతున్నాయి. ఒకటి హైమ మెచ్చిన తెల్లకారు. ఏ మెకానిక్‌ని అడిగినా కళ్ళు మూసుకుని కొనేయమంటాడు. దాని లోపమూ అదే, కళ్ళు తెరిచి చూడటానికి అందులో ఏమీ లేదు. రెండోది ముదురు నీలం రంగు జర్మనీ కారు. ఆగి ఉన్నప్పుడు కూడా పరుగు పందేనికి వంగి నిలబడ్డట్టుంటుంది. పొద్దున తెల్లది ఖాయం చేసుకుంటే సాయంత్రానికి నీలంది నెగ్గేది. సిగ్నల్ దగ్గర ఆగితే వాటి ఫొటోల కోసం చెయ్యి ఫోను మీదికి పోయేది. ఈలోగా ఎవరైనా కొనేసుకుంటారేమోనని భయం, తాను కొనేస్తానేమోనని మరో భయం. హైమ చివరికి ఒక్క మాటే అంది: "ఏదో ఒకటి కొనండి. కొన్నాకైనా మేం మాట్లాడేది మీ చెవిన పడుతుందేమో."

"కళ్ళు మూసుకుంటే స్టీరింగే కనిపిస్తోందండీ," అన్నాడు త్రినాథ్ తల వంచుకుని.

సీతారత్నంగారు చెప్పులు వేసుకున్నారు. "పద, చూసొద్దాం."

నీలం కారు గాజువాకలో సన్యాసిరావు అనే ఆయనది. ఆయనా ఇంజనీరే, ఒక పెద్ద ఫ్యాక్టరీలో పని. ముందురోజంతా వాన పడింది. పైపుల కోసం తవ్విన వీధి ఎర్రటి బురదగా ఉంది. త్రినాథ్ కారు చుట్టూ రెండుసార్లు తిరిగాడు. ఎక్కడైనా గుద్దుకుందా, టైర్లు ఎప్పుడు మార్చారు, గేరు పడేటప్పుడు కుదుపేమైనా ఉందా అని వరసగా అడిగాడు. అన్నిటికీ సన్యాసిరావు ఓపిగ్గా, నిజాయితీగా చెప్పాడు. ఇంత బాగా ఉన్నదాన్ని ఎందుకు అమ్ముతున్నారన్న ప్రశ్న మాత్రం త్రినాథ్ నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఏం వినాల్సొస్తుందోనని అతని బెంగ.

"ఒకసారి నడిపి చూడండి," అని సన్యాసిరావు తాళాలిచ్చాడు.

త్రినాథ్ స్టీరింగ్ ముందు కూర్చున్నాడు, సన్యాసిరావు పక్కన. సీతారత్నంగారు వెనక తలుపు తీసి ఒక కాలు లోపలికి పెట్టబోతుంటే, త్రినాథ్ అద్దంలో చూసి గభాలున అన్నాడు:

"అమ్మగారూ, కాళ్ళు ఒక్కసారి బయటే దులుపుకుంటారా? లోపలంతా లేత రంగండీ."

"అలాగే," అన్నారు ఆవిడ. తలుపు పట్టుకుని ఒక కాలూ, తర్వాత రెండో కాలూ దులుపుకుని, చెప్పులు విడిచి చేత పట్టుకుని, నడుము వంచి ఎలాగో లోపలికి చేరారు. త్రినాథ్‌కి ఎక్కడో కలుక్కుమంది. ఇంకా తనది కూడా కాని కారు. కానీ బటన్ నొక్కగానే ఇంజను చిన్నగా గర్జించింది. ఆ గర్జనలో కలుక్కుమన్నది మునిగిపోయింది.

హైవే ఎక్కాక అతను కాలు కొంచెం గట్టిగా ఆనించాడు. కారు నేలను పట్టుకుని ముందుకు సాగిపోయింది. లారీలు వెనక్కి జారిపోయాయి. మలుపు దగ్గర తను అనుకున్నంత మేరకే తిరిగింది, వెంట్రుకవాసి ఎక్కువా లేదు, తక్కువా లేదు. మూడు నెలల్లో మొదటిసారి త్రినాథ్ బుర్రలో వేరే ఆలోచన లేదు.

"బాగుంది," అన్నారు వెనకనుంచి సీతారత్నంగారు. "నిజంగానే చాలా బాగుంది. ఇంత బాగున్నదాన్ని ఎందుకు అమ్ముకుంటున్నావు బాబూ?"

త్రినాథ్ కాలు దానంతట అదే తేలికైంది.

"లోపల చప్పుడే ఉండదమ్మా," అన్నాడు సన్యాసిరావు. "కొన్నప్పుడు అందుకే కొన్నాను. ఇప్పుడు అందుకే అమ్ముతున్నాను."

"అంటే?"

"పాత కారులో ముగ్గురు స్నేహితులు నాతో డ్యూటీకి వచ్చేవాళ్ళు. దారంతా ఒకటే గోల. క్రికెట్టనీ, యూనియననీ కొట్టుకునేవాళ్ళు. ఇది కొన్నాక కూడా వచ్చారు. నేనేమీ అనలేదమ్మా, ప్రమాణం. వాళ్ళు దిగాక సీటు తుడుచుకునేవాణ్ణి, అంతే. ఒకరోజు గేటు దగ్గర వాళ్ళలో ఒకడు వెనక్కి తిరిగి చూశాడు. ఆ మర్నాడు ఒకడికి షిఫ్టు మారిందన్నారు. వారం తిరిగేసరికి ముగ్గురికీ మారింది." ఆయన గొంతులో ఎవరి మీదా కోపం లేదు. "మొన్న ఒకసారి బతిమాలి ఎక్కించుకున్నాను. గుళ్ళో కూర్చున్నట్టు కూర్చున్నారు."

త్రినాథ్ అద్దంలోకి చూడకుండానే కారు తిప్పి తీసుకొచ్చాడు. దిగేటప్పుడు సన్యాసిరావు, సాయంత్రం ఇంకెవరో చూడటానికి వస్తున్నారని, మనసులో మాట త్వరగా చెప్పమని అన్నాడు.

పాత కారులో అనకాపల్లి తిరిగొస్తూ త్రినాథ్ ఉండబట్టలేక అడిగాడు. "అయితే కొనొద్దంటారాండీ?"

"అలా అన్నానా?"

"కొనమంటారా మరి?"

"బాగుందని నేనూ ఒప్పుకున్నానుగా నాయనా. రోజూ ఎక్కేది నేను కాదు."

సాయంత్రం దాకా నిప్పుల మీద ఉన్నట్టు ఇల్లంతా తిరిగి, చివరికి త్రినాథ్ సన్యాసిరావుకి ఫోను చేశాడు. నీలం కారే కొన్నాడు.

మొదటి రోజు నూకరాజు దాని చుట్టూ తిరిగి మెచ్చుకుని, బూట్లు విప్పి చేత్తో పట్టుకుని ఎక్కాడు. త్రినాథ్ వద్దనలేదు. అనాలని అతనికి తోచలేదు. హైమ లంచ్ సంచి కింద పెట్టకుండా ఒళ్ళో ఎత్తి పట్టుకుంది. రెండో రోజూ అంతే. మూడో రోజుకి నూకరాజు టిఫిను ఇంట్లోనే తినేసి వచ్చాడు. కారు మెత్తగా, వేగంగా, మూతపెట్టిన డబ్బాలా పోతోంది. పాత కారులో ఈపాటికి మున్సిపాలిటీని తిట్టడం పూర్తయ్యేది. త్రినాథ్ ఒకసారి దగ్గి చూశాడు. తన దగ్గు తనకే పెద్దగా వినిపించింది.

నాలుగో రోజు ఉదయం అతను దారిలో బండి ఆపి, వేడివేడి పునుగుల పొట్లం కొనుక్కొచ్చి వెనక సీట్లోకి అందించాడు.

"తినవోయ్."

"దిగాక తింటాలే గురూ," అన్నాడు నూకరాజు.

"చల్లారిపోతాయి. ఇక్కడే తిను."

నూకరాజు హైమ వైపు చూశాడు. హైమ భర్త వైపు చూసింది. నూకరాజు పొట్లం భయంభయంగా విప్పాడు. రెండు పునుగులు తిన్నాడో లేదో, స్పీడ్ బ్రేకర్ వచ్చింది. ఎంత నెమ్మదిగా ఎక్కించినా కారు పొట్ట రాసుకుని కుదిపింది. పల్లీ చట్నీ సీటు మీద చిందింది. ఒక పునుగు నూనె గీత గీసుకుంటూ దొర్లి అంచున ఆగింది.

నూకరాజు ముఖం పాలిపోయింది. త్రినాథ్ కారు పక్కకి తీసి ఆపాడు. చెయ్యి తలుపు అరలో ఉన్న గుడ్డ మీదికి వెళ్ళింది. పక్కనున్న హైమా, వెనకనున్న నూకరాజూ ఆ చేతినే చూస్తున్నారని అతనికి చూడకుండానే తెలిసింది. ఒక లారీ హారన్ కొట్టుకుంటూ దాటిపోయింది. త్రినాథ్ గుడ్డను వదిలి చెయ్యి వెనక్కి చాచాడు.

"నాకూ రెండు ఇలా ఇవ్వు."

కంపెనీ చేరేలోపు నూకరాజు వార్డు కౌన్సిలర్ని చీల్చి చెండాడాడు. అంతకుముందు స్కూలు దగ్గర దిగుతూ హైమ, ఎందుకో చెప్పకుండా, నవ్వుతూ తలుపు వేసింది.

ఆదివారం పాఠం మొదలవకముందే త్రినాథ్ ఇదంతా సీతారత్నంగారికి చెప్పాడు. చెప్పి సంతోషపడినట్టు లేడు.

"మరక పోలేదండీ. చూసినప్పుడల్లా ప్రాణం ఉసూరుమంటుంది. ఆరోజు చెయ్యి గుడ్డ మీదికి దానంతటదే పోయింది. నాలో మారిందేమీ లేదేమోననిపిస్తోంది."

ఆవిడ పుస్తకంలో ఆరోజు శ్లోకం వెతుక్కుంటూ, తల ఎత్తకుండానే అడిగారు.

"పోయిన చెయ్యి ఆగిందా?"

"ఆగిందండీ."

"అయితే నీకు బండి నడపడం వచ్చినట్టే."